ఎంఆర్ఐ రిపోర్టులో కనిపించని పేరు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

స్ఫూర్తి జీవితాలు



నారాయణఖేడ్ నుంచి ఎంఆర్ఐ స్కాన్ కోసం సంగారెడ్డికో, హైదరాబాద్‌కో వెళ్లి వచ్చిన కుటుంబాలు మన మధ్య చాలానే ఉంటాయి. పెద్ద కవరులో ఫిల్ములు, దానితోపాటు రెండు పేజీల రిపోర్టు చేతికి వస్తాయి. అందులో ‘వైట్ మ్యాటర్’ అనే మాట కనబడగానే చాలామందికి గుండె దడ మొదలవుతుంది. అది మెదడుకు, వెన్నుపాముకు సంబంధించిన మాట అని తెలుస్తుంది కానీ, అసలేమిటో తెలియదు.

ఈ నెల మనం తెలుసుకోబోయే మహనీయుడు ఎంఆర్ఐ యంత్రాన్ని చూడలేదు. శరీరాన్ని ఆ పద్ధతిలో బొమ్మ తీయవచ్చని అమెరికా శాస్త్రవేత్త పాల్ లాటర్‌బర్ 1973లో చూపించే నాటికి ఈయన చనిపోయి 25 ఏళ్లు. అయినా నేడు వైట్ మ్యాటర్ దెబ్బతిన్నదా, కోలుకుంటోందా అని డాక్టర్లు స్కాన్‌లో వెతికే చోట ఆయన పని మూడు రకాలుగా ఎదురవుతుంది. ఆయన గోదావరి జిల్లాలో పుట్టిన మన తెలుగువాడు, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన విద్యార్థి. పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

తప్పిన పరీక్షలు, తల్లి పట్టుదల

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం ముందుగానే మానుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది.

చదువు మీద పిల్లవాడికి పెద్దగా ధ్యాస ఉండేది కాదు. 13 ఏళ్ల వయసులో ఇంట్లోంచి పారిపోయి కాశీ దారి పట్టాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలన్నది ఆలోచన. దారిలోనే దొరికిపోతే వెనక్కి తీసుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో చదువుతుండగా మెట్రిక్యులేషన్ తప్పాడు. మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. ఈలోగా తండ్రి కన్నుమూశారు.

అప్పుడు వెంకమ్మ తీసుకున్న నిర్ణయం ఈ కథలో మొదటి మలుపు. తన నగలు అమ్మి కొడుకును మద్రాసు పంపింది. అక్కడి హిందూ హైస్కూల్ నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ పూర్తయ్యేసరికి కుర్రవాడి మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్లింది. సన్యాసం పుచ్చుకుంటానన్నాడు, తల్లి ససేమిరా అంది. చివరికి ఇద్దరికీ నచ్చిన మధ్యదారి వైద్య విద్య. మనుషులకు సేవ చేయాలన్న కొడుకు కోరికా తీరుతుంది, కొడుకు తల్లికి దూరం కాకుండానూ ఉంటాడు. అలా మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు.

ఇంటినే చుట్టుముట్టిన జబ్బు

అవి గాంధీజీ పిలుపు దేశమంతా వినబడుతున్న రోజులు. సుబ్బారావు ఖద్దరు కట్టి ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి సుబ్బారావుకు ఎంబీబీఎస్ డిగ్రీ దక్కలేదు. అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. దాంతో ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరే దారి మూసుకుపోయింది.

అదే కాలంలో ఇంట్లో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బు వచ్చి అన్నదమ్ములు పురుషోత్తం, కృష్ణమూర్తి రోజుల తేడాతో చనిపోయారు. స్ప్రూ వస్తే పేగులు తిన్నదాన్ని పీల్చుకోలేవు. విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం పాలిపోతుంది, మనిషి ఎముకల గూడులా చిక్కిపోతాడు. ఆ జబ్బు సుబ్బారావుకూ సోకింది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి మందుతో బతికి బయటపడ్డారు. తర్వాత లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పారు.

తోడబుట్టినవారిని తీసుకుపోయిన జబ్బుకు కారణమేమిటన్న ప్రశ్న ఆయనను ఇక వదల్లేదు. దాని జవాబులో కొంత భాగం ఆయన చేతులతోనే తయారవుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

1919లో ఆయనకు శేషగిరితో పెళ్లయింది. పై చదువుకు అమెరికా వెళ్లాలన్న కోరికకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి అండగా నిలిచారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది. 1920ల మొదట్లో సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి బయలుదేరిన మనిషి మళ్లీ స్వదేశాన్ని చూడలేదు. తాను వెళ్లాక పుట్టిన కొడుకును కూడా చూసుకోలేదు. ఆ బిడ్డ పసితనంలోనే చనిపోయాడు.

హార్వర్డ్: భాస్వరం చెప్పిన రహస్యం

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదివారు. భారతదేశపు సర్టిఫికెట్‌తో అక్కడ డాక్టరుగా పని దొరకలేదు. బతకడానికి ఆస్పత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేశారు. తర్వాత జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

మొదటి విజయం 1925లో వచ్చింది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు కలిసి ప్రకటించారు. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువన్నమాట. మన పిల్లలు ముందుముందు బయోకెమిస్ట్రీ చదివితే ‘ఫిస్కే-సుబ్బారావు పద్ధతి’ అనే పేరుతోనే దాన్ని నేర్చుకుంటారు.

ఆ పద్ధతిని చేత పట్టుకుని కండరాన్ని పరీక్షిస్తుంటే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం బయటపడింది. 1929లో ఏటీపీని వేరుచేశారు. దాదాపు అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు. ఏటీపీ అంటే కణాల చేతి ఖర్చు డబ్బు. ఏ పని జరగాలన్నా కణం దాన్నే ఖర్చు పెడుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ పోపుల డబ్బాలో దాచిన డబ్బు. చేతిలోది అయిపోతుండగా వెంటనే తీసి వాడుకునేది. అప్పటిదాకా కండరం పనిచేసే తీరు గురించి పండితులు చెప్పుకుంటున్న సిద్ధాంతాన్నే ఈ రెండూ మార్చేశాయి.

వీటికీ ఎంఆర్ఐకీ ఏమిటి సంబంధం? అదే ఎంఆర్ఐ యంత్రంతో బొమ్మ తీయడమే కాకుండా, మెదడులో ఒక చోట ఏయే రసాయనాలు ఎంత ఉన్నాయో కొలిచే పరీక్ష కూడా చేస్తారు. దాన్ని ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ అంటారు. భాస్వరాన్ని పట్టి చేసే పరీక్షలో తెర మీద ఫాస్ఫోక్రియాటిన్ ఒక శిఖరంలా, ఏటీపీ మూడు శిఖరాల్లా కనిపిస్తాయి. ఆస్పత్రుల్లో మామూలుగా చేసే పరీక్షలో క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రెండూ కలిసి ఒకే శిఖరంగా వస్తాయి. మిగతా రసాయనాలను తరచుగా దానితో పోల్చి చూస్తారు. పిల్లల్లో పుట్టుకతో వచ్చే వైట్ మ్యాటర్ జబ్బులను విడదీసి గుర్తించడానికి ఈ పరీక్ష తోడ్పడుతుంది. ఒకప్పుడు గాజు గొట్టంలో వేరుచేసిన పదార్థాన్ని నేడు బతికున్న మనిషి మెదడులో, ఒక్క సూది గుచ్చకుండా కొలుస్తున్నారు.

ఇంతకీ వైట్ మ్యాటర్ అంటే?

మన మెదడులో ఆలోచన పుట్టే కణాలు ఎక్కువగా పై పొరలో ఉంటాయి. అది బూడిద రంగులో ఉంటుంది కనుక గ్రే మ్యాటర్ అన్నారు. ఆ కణాల నుంచి బయలుదేరే పొడవాటి తీగలు లోపలి భాగంలో కట్టలు కట్టలుగా ఉంటాయి. ఆ తీగల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. దాని వల్లే ఆ భాగం తెల్లగా కనబడుతుంది, అదే వైట్ మ్యాటర్. వెన్నుపాములో ఈ అమరిక తారుమారు. అక్కడ గ్రే మ్యాటర్ లోపల, వైట్ మ్యాటర్ చుట్టూ ఉంటాయి.

కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరానికి మైలిన్. మందమైన తొడుగు ఉన్న నరంలో సంకేతం సెకనుకు 100 మీటర్ల దాకా పరుగెత్తుతుంది. తొడుగు లేని సన్న నరంలో సెకనుకు 1 మీటరు దాటడమే గొప్ప. తొడుగు పాడైతే కబురు ఆలస్యమవుతుంది, దారిలోనే ఆగిపోనూ వచ్చు.

పుట్టిన బిడ్డ మెదడులో ఈ తొడుగు అప్పుడప్పుడే మొదలై ఉంటుంది. మొదటి 2 ఏళ్లలో చాలా వేగంగా ఏర్పడుతుంది. ఎంఆర్ఐలో 2 ఏళ్ల బిడ్డ మెదడు చాలావరకు పెద్దవారి మెదడులాగే కనిపిస్తుంది. అయినా పని అక్కడితో ఆగదు. నిర్ణయాలు తీసుకునే ముందు భాగంలో మైలిన్ ఏర్పడటం ఇరవైల వయసు దాకా సాగుతుంది. టీనేజీ పిల్లల తొందరపాటు చూసి విసుక్కునే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవచ్చు.

ఎంఆర్ఐ ఈ తెల్లని భాగాన్ని నీటి సాయంతో చూస్తుంది. మన శరీరంలోని నీటిలో హైడ్రోజన్ ఉంది. దాని కేంద్రకాలు చిన్న చిన్న అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి. ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడే 1.5 టెస్లా యంత్రం భూమి అయస్కాంత శక్తికి సుమారు 30,000 రెట్ల బలమైనది. దానిలో పడుకోబెట్టి రేడియో తరంగంతో కదిపితే ఆ కేంద్రకాలు తిరిగి కుదురుకుంటూ సంకేతాలు ఇస్తాయి. కంప్యూటర్ వాటిని బొమ్మగా మారుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వైట్ మ్యాటర్‌లో కొవ్వు తొడుగు బిగువుగా ఉండి నీరు తక్కువ. టీ2, ఫ్లెయిర్ అనే రకం బొమ్మల్లో అది నల్లగా వస్తుంది. మైలిన్ దెబ్బతిన్నా, వాపు వచ్చినా అక్కడ నీరు పెరిగి, తెల్లని మచ్చలా మెరుస్తుంది. రిపోర్టులో రాసేది ఆ మెరుపు గురించే.

ఫోలిక్ ఆమ్లం: గెలుపు, దాని వెంటే ఒక చిక్కు

మళ్లీ సుబ్బారావు దగ్గరకు వద్దాం. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు.

అప్పటికి ఒక సంగతి తెలుసు. బొంబాయిలో 1920ల చివర పనిచేసిన ఇంగ్లండ్ వైద్యురాలు లూసీ విల్స్, గర్భిణుల్లో వచ్చే ఒక రకం తీవ్ర రక్తహీనత ఈస్టు సారంతో, కాలేయంతో నయమవుతోందని గమనించారు. వాటిలో ఉన్న ఆ పదార్థం ఏమిటి? 1941లో అమెరికా శాస్త్రవేత్తలు పాలకూర ఆకుల నుంచి దాన్ని రాబట్టి, ఆకుకు లాటిన్ మాట అయిన ఫోలియం నుంచి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. కానీ బళ్లకొద్దీ ఆకులు పిండితే దొరికేది చిటికెడు. 1945లో సుబ్బారావు నడిపిన లెడర్లీ బృందం దాని నిర్మాణాన్ని తేల్చి ప్రయోగశాలలో తయారుచేసింది. టామ్ స్పీస్ అనే వైద్యుడు దాన్ని రోగులకు ఇస్తే రక్తం కోలుకుంది. స్ప్రూ రోగులు కూడా తేరుకున్నారు. అన్నదమ్ములను పోగొట్టుకున్న దాదాపు పాతికేళ్ల తర్వాత, ఆ జబ్బుకు మందు సుబ్బారావు ప్రయోగశాల నుంచే వచ్చింది.

అయితే కథ ఇక్కడ సుఖాంతం కాలేదు. పెర్నీషియస్ అనీమియా అనే మరో రక్తహీనత ఉన్నవారికి కూడా ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూశారు. రక్త పరీక్షలు చక్కబడ్డాయి, ముఖం కళకళలాడింది. కానీ కొందరిలో కాళ్ల తిమ్మిరి, నడకలో తూలడం కొత్తగా మొదలయ్యాయి, లేదా ఉన్నవి ముదిరాయి. రక్తం బాగుపడుతుంటే వెన్నుపాము పాడవుతోంది. 1948లో అమెరికాలో మెర్క్, బ్రిటన్‌లో గ్లాక్సో శాస్త్రవేత్తలు కాలేయం నుంచి విటమిన్ బి12ను వేరుచేశాక చిక్కు వీడింది. కాలేయంలోని ఆ పదార్థం కోసం సుబ్బారావు బృందం కూడా ఏళ్ల తరబడి వెతికింది. రక్తం తయారీలో ఫోలిక్ ఆమ్లం కొంతవరకు బి12 లోటును కప్పిపుచ్చగలదు. మైలిన్‌ను కాపాడే పనిలో మాత్రం బి12కు బదులు అది పనికిరాదు.

బి12 లోటుతో వెన్నుపాములో మొదట దెబ్బతినేది ఎక్కువగా వెనకవైపు వైట్ మ్యాటర్ కట్టలు. కాలు ఎక్కడ ఉందో, నేల ఎలా ఉందో మెదడుకు చేరవేసేవి అవే. అందుకే ఇలాంటివారు వెలుతురులో బాగానే నడిచి చీకట్లో తడబడతారు. ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసుకుంటే తూలుతారు. లండన్ వైద్యులు 1900లోనే ఈ జబ్బును వర్ణించి పేరు పెట్టారు. అప్పట్లో వెన్నుపాములో ఏం జరిగిందో చనిపోయాకే కళ్లారా చూడగలిగేవారు. ఇప్పుడు మెడ, వీపు భాగాల ఎంఆర్ఐలో వెన్నుపాము వెనకవైపు పొడవాటి తెల్లగీత కనిపిస్తుంది. అడ్డంగా తీసిన బొమ్మలో అది తలకిందులైన ఇంగ్లిషు ‘వి’ అక్షరంలా ఉంటుంది. త్వరగా బి12 ఇంజెక్షన్లు మొదలుపెడితే నెలల్లో ఆ మెరుపు తగ్గిపోవడం కూడా స్కాన్‌లో చూడవచ్చు. ఆలస్యమైతే కొంత నష్టం మిగిలిపోతుంది.

ఇది మన దేశపు పసిపిల్లల కథ కూడా. తల్లికి బి12 లోటు ఉండి, బిడ్డకు తల్లిపాలు తప్ప వేరే ఆహారం లేకపోతే, కొన్ని నెలలకు బిడ్డ మందకొడిగా మారవచ్చు. అంతకుముందు నేర్చుకున్నవి మరిచిపోవచ్చు, వణుకు రావచ్చు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 1962లోనే ఇలాంటి భారతీయ శిశువుల గురించి ప్రపంచానికి చెప్పారు. నేడు అలాంటి బిడ్డలకు ఎంఆర్ఐ తీస్తే మెదడు కుంచించుకుపోయినట్టు, మైలిన్ ఆలస్యంగా ఏర్పడుతున్నట్టు కనబడవచ్చు. ఇందుకు పరిష్కారం తల్లిపాలు మానడం కాదు. తల్లికీ బిడ్డకూ బి12 అందించడమే.

చిన్నారుల రక్త క్యాన్సర్

మూడో సంబంధం ఇంకా బరువైనది. బోస్టన్ పిల్లల ఆస్పత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్, లుకేమియా ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకోవడం చూశారు. అంటే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థం ఇస్తే క్యాన్సర్ కణాలు ఆకలితో మాడతాయేమో! లెడర్లీలో సుబ్బారావు బృందం అలాంటి పదార్థాలను తయారుచేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. అప్పటిదాకా ఆ జబ్బుకు ఏ మందూ లేదు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ముఖ్యమైన మందు. ఇతర మందులతో కలిపి వాడితే మంచి వైద్యం అందే చోట ఎక్కువమంది పిల్లలు పూర్తిగా కోలుకుంటున్నారు.

అయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందు మైలిన్‌నూ తాకగలదు. ఎక్కువ మోతాదులో ఇచ్చినా, వెన్నులోని ద్రవంలోకి ఇచ్చినా కొందరు పిల్లల ఎంఆర్ఐలో వైట్ మ్యాటర్ మెరుస్తుంది. చాలామందిలో బయటికి ఏ లక్షణమూ ఉండదు, కాలక్రమంలో ఆ మచ్చలు తగ్గుతాయి. కొందరిలో మాటలో, కదలికలో, చదువులో ఇబ్బంది రావచ్చు. అందుకే క్యాన్సర్ వైద్యులు ఎంఆర్ఐ సాయం తీసుకుంటారు, అవసరాన్ని బట్టి ఫోలినిక్ ఆమ్లం ఇచ్చి మామూలు కణాలను కాపాడతారు. ప్రాణం నిలబెట్టే మందును నరాలకు హాని లేకుండా వాడటం ఎలాగో నేర్పుతున్నది ఆ స్కాన్లే.

ఆఖరి రోజులు

బోదకాలుకు వాడే డీఈసీ మందు కూడా 1947లో సుబ్బారావు బృందం నుంచే వచ్చింది. మన ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర అదే. టెట్రాసైక్లిన్ రకం మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వంలోనే వెలుగు చూసింది. దాన్ని కనుగొన్న శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. తన పేరు ముందుకు తోసుకోవడం సుబ్బారావుకు అలవాటు లేదు. బృందంలో ఎవరు చేసిన పనికి వారి పేరే పెట్టించేవారు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53 ఏళ్లు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. భర్త వస్తాడని శేషగిరి ఏళ్ల తరబడి ఎదురు చూస్తూనే ఉండిపోయారు. ఆయన కనిపెట్టిన మందుల జాబితా చెప్పుకునేటప్పుడు ఆమె చెల్లించిన మూల్యాన్ని కూడా తలచుకోవడం న్యాయం. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది.

మన ఇంటికి ఏం తీసుకెళ్దాం?

2016-18లో జరిగిన జాతీయ సమగ్ర పోషకాహార సర్వేలో, 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో 31 శాతం మందికి బి12 లోటు, 37 శాతం మందికి ఫోలేట్ లోటు ఉన్నట్టు తేలింది. అంటే ప్రతి తరగతి గదిలోనూ ఇలాంటి పిల్లలు ఉండే అవకాశం ఉంది.

మన ప్రాంతపు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర మంచి భోజనం. పాలకూర, పెసలు, శనగల్లో ఫోలేట్ దండిగా ఉంటుంది. బి12 మాత్రం ఏ ధాన్యంలోనూ, కూరగాయలోనూ సహజంగా దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం నుంచే రావాలి. గుడ్డు కూడా తినని ఇళ్లలో పిల్లలకు పాలు, పెరుగు రోజూ తప్పక అందాలి. అనుమానం ఉంటే డాక్టరుని అడిగి రక్త పరీక్ష చేయించండి.

ఐరన్-ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడుతున్నవారు మానవద్దు, వాటి మేలు పెద్దది. అయితే మాత్రలు వాడుతున్నా అరికాళ్లలో తిమ్మిర్లు, చీకట్లో తూలడం, మతిమరుపు, నాలుక నునుపుగా ఎర్రగా మారడం వంటివి కనిపిస్తే, హిమోగ్లోబిన్ బాగుందని ఊరుకోకుండా బి12 గురించి కూడా అడగండి. సుబ్బారావు కాలంలో రోగులు నేర్పిన పాఠం ఇదే.

డాక్టరు ఎంఆర్ఐ రాస్తే భయపడకండి. ఇందులో ఎక్స్-రే కిరణాలు ఉండవు. శబ్దం ఎక్కువ, కదలకుండా పడుకోవాలి. అందుకే చిన్నపిల్లలకు కొన్నిసార్లు నిద్రమందు ఇస్తారు. ఒంట్లో ఏదైనా లోహపు పరికరం ఉంటే ముందే చెప్పాలి. రిపోర్టులో వైట్ మ్యాటర్ మచ్చ అని ఉన్నంత మాత్రాన అది పెద్ద జబ్బు కానక్కరలేదు. మచ్చ ఎక్కడ ఉంది, ఎలా ఉంది, మనిషిలో లక్షణాలేమిటి అన్నీ కలిపి చూసి డాక్టరే చెప్పాలి.

ఇక మార్కుల సంగతి. రెండుసార్లు తప్పిన పిల్లవాడి మీద ఒక తల్లి నగలు అమ్మి పెట్టిన నమ్మకం, లెక్కలేనన్ని ఇళ్లలో పిల్లల ప్రాణాలు నిలబెట్టింది. ఈ త్రైమాసిక ప్రోగ్రెస్ కార్డు చేతికి వచ్చినప్పుడు వెంకమ్మగారిని ఒకసారి తలచుకుందాం.

పిల్లలతో ఇంట్లో మాట్లాడండి

1. మన ఇంట్లో నిన్న తిన్నవాటిలో బి12 ఉన్నవి ఏవి? ఫోలేట్ ఉన్నవి ఏవి? ఇద్దరూ కలిసి జాబితా రాయండి.

2. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలరు? కళ్లు తెరిస్తే ఎంతసేపు? గోడ పక్కన, పెద్దవారి తోడుతో చేసి చూడండి. తేడా ఎందుకు వచ్చిందో వెన్నుపాము సాయంతో చెప్పండి.

3. రక్తం బాగుపడినా నరాలు పాడవుతున్నాయని వైద్యులు గమనించకపోయి ఉంటే ఏమయ్యేది?